అరుదైన, స్థానీయ సేజ్ మొక్కల సంరక్షణ స్థితి మదింపు: ఇరాన్ సాల్వియా జాతుల ఆధారంగా కొన్ని పద్ధతి సమస్యలు

ప్రవేశిక

తులసి, పుదీనా, తుమ్మి మొక్కలు చేరే లేమియేసి కుటుంబంలో అతి పెద్ద ప్రజాతి సాల్వియా. వాడుకలో సేజ్ అని పిలిచే ఈ ప్రజాతిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1000 జాతులు ఉన్నాయి. వీటిలో దాదాపు సగం మధ్య, దక్షిణ అమెరికాలలోను, సుమారు 250 జాతులు మధ్యధరా తీరం నుంచి మధ్య ఆసియా వరకు గల భూభాగంలోను, మరో 90 జాతుల వరకు తూర్పు ఆసియాలోను పెరుగుతాయి. భారతదేశంలోని సాల్వియా జాతులు ప్రధానంగా హిమాలయ ప్రాంతానివి. తెలుగు రాష్ట్రాలలో ఈ ప్రజాతి పరిచయం తోటలలో ఎర్రని పూలగుత్తులు పూసే సాల్వియా స్ప్లెండెన్స్ ద్వారాను, ఇటీవలి కాలంలో చియా గింజల ద్వారాను ఏర్పడింది. చియా సాల్వియా హిస్పానికా అనే జాతి. దానితో తరచు పొరబడే సబ్జా ఆసిమం ప్రజాతికి, అంటే తులసి వర్గానికి చెందినది. నీరు తగిలినప్పుడు గింజ చుట్టూ జిగురుపొర ఉబ్బే లక్షణం మాత్రం రెండింటిలోను ఉంది. అనేక అడవి సేజ్ జాతుల గింజలలో కూడా ఉంది.

పేర్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 'వైల్డ్ సేజ్' అనే పేరుతో లాంటానాను కూడా వ్యవహరిస్తారు. అది వెర్బినేసి కుటుంబపు మొక్క. భారత అడవులను ఆక్రమిస్తున్న విదేశీ కలుపు. ఉత్తర అమెరికా పొడి మైదానాలలోని 'సేజ్ బ్రష్' చామంతి కుటుంబానికి చెందిన ఆర్టిమీసియా. వాడుక పేరుతో సేకరించిన సమాచారం మదింపులో ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

పశ్చిమ ఆసియాలో సాల్వియా వైవిధ్యానికి తుర్కియే, ఇరాన్ ప్రధాన కేంద్రాలు. పారశీక భాషలో మర్యమ్‌గోలి అని పిలిచే ఈ మొక్కలు ఇరాన్‌లో 58 జాతులుగా ఉన్నాయని, వాటిలో 17 ఆ దేశానికి స్థానీయమైనవని శాస్త్ర గ్రంథాలలో తరచు ఉటంకించే లెక్క. ఒక ప్రాంతానికే పరిమితమై, ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని జాతిని స్థానీయ జాతి అంటారు. అల్‌బోర్జ్ పర్వతాలలోని సాల్వియా హైపోల్యూకా, వాయవ్య ఇరాన్‌లో సహంద్ పర్వతం పేరును ధరించిన సాల్వియా సహెండికా ఇటువంటివి. ఈ మొక్కలలో అనేకం కడుపునొప్పికి, జలుబుకు, గాయాలకు ఇంటి మందులుగా కొండ గ్రామాలలో వాడుకలో ఉన్నాయి. ఆ వాడుక కారణంగానే వీటి సంరక్షణ స్థితి కేవలం వర్గీకరణ శాస్త్రజ్ఞుల ప్రశ్నగా కాక వ్యవసాయ, విస్తరణ శాస్త్రాల ప్రశ్నగా కూడా మారింది.

ఇరాన్‌లోని అటవీ, పచ్చికబయళ్ల పరిశోధన సంస్థ తరఫున జలీలీ, జంజాద్ 1999లో ఆ దేశపు రెడ్ డేటా బుక్‌ను వెలువరించారు. స్థానీయ, అరుదైన, ఆపదలోని మొక్కలపై అది ప్రాథమిక సర్వేగా రూపొందింది. ఆ గ్రంథం నాటి వర్గాలకు, నేటి వర్గాలకు కొంత తేడా ఉంది. అందులో కనిపించే 'తక్కువ ముప్పు' అనే వర్గం 2001 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ వర్గీకరణలో లేదు. కనుక పాత జాబితాలోని వర్గాన్ని నేటి పట్టికలోకి నేరుగా ఎక్కించడం కుదరదు. ప్రతి జాతినీ మళ్ళీ మదింపు చేయవలసిందే. ఆ పనిలో ఎక్కడెక్కడ పొరపాటు జరిగే అవకాశం ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అరుదుతనం వేరు, ఆపద వేరు

విద్యార్థుల నివేదికలలో తరచు కనిపించే వాక్యం: 'ఈ జాతి స్థానీయమైనది, అరుదైనది, కనుక ఆపదలో ఉంది.' ఇందులో మొదటి రెండు మాటలు పరిశీలన, మూడవది అనుమానం. డెబొరా రాబినోవిట్జ్ 1981లో అరుదుతనాన్ని మూడు కొలతలుగా విడదీసి చూపారు: జాతి విస్తరించిన భూభాగం ఎంత, అది ఎన్ని రకాల ఆవాసాలలో బతకగలదు, ఉన్నచోట ఎంత దట్టంగా ఉంటుంది. ఒక్కొక్క కొలతకు రెండేసి స్థాయిలు తీసుకుంటే ఎనిమిది గడులు ఏర్పడతాయి. వాటిలో ఒక్కటి మాత్రమే సాధారణ జాతి. మిగిలిన ఏడూ ఏదో ఒక విధంగా అరుదైనవే. ఒకే కొండపై వేల సంఖ్యలో పెరిగే సేజ్ ఒక రకపు అరుదు. నాలుగు రాష్ట్రాలలో విస్తరించి, ఎక్కడా పది మొక్కలకు మించి కనిపించని సేజ్ మరొక రకపు అరుదు. మొదటిదానికి ఒక గని తవ్వకం చాలు. రెండవదానికి పరాగ సంపర్కం జరిపే తేనెటీగల కొరత చాలు. రెండింటికీ ఒకే చికిత్స పనికిరాదు.

శతాబ్దాలుగా ఒకే సున్నపురాతి చరియపై కొద్దిపాటి సంఖ్యలో స్థిరంగా ఉంటూ, మనిషి చేయి పడని జాతికి ముప్పు లేకపోవచ్చు. మదింపు కొలిచేది అంతరించే అవకాశాన్ని, అరుదుతనాన్ని కాదు. ఈ భేదం అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి (ఐ.యు.సి.ఎన్.) ప్రమాణాలలో ఎలా ఇమిడి ఉందో కింది లెక్కలో స్పష్టమవుతుంది.

ప్రమాణాలు, ఒక నమూనా లెక్క

ఐ.యు.సి.ఎన్. వర్గీకరణలో తొమ్మిది వర్గాలు ఉన్నాయి: విలుప్తం, వన్యస్థితిలో విలుప్తం, అతి తీవ్ర ఆపద, ఆపద, దుర్బలం, ఆపదకు చేరువ, అల్ప ఆందోళన, సమాచార లోపం, మదింపు జరగనివి. వీటిలో అతి తీవ్ర ఆపద, ఆపద, దుర్బలం అనే మూడింటిని కలిపి 'ముప్పులో ఉన్నవి' అంటారు. ఒక జాతిని ఈ మూడింటిలో దేనిలోనైనా చేర్చాలంటే ఎ నుంచి ఇ వరకు గల ఐదు ప్రమాణాలలో కనీసం ఒకటి నెరవేరాలి. ఎ జనాభా తగ్గుదలకు, బి భౌగోళిక విస్తృతికి, సి తగ్గుతున్న చిన్న జనాభాకు, డి అతి చిన్న జనాభాకు, ఇ సంఖ్యాత్మక విశ్లేషణకు సంబంధించినవి. అడవి సేజ్ వంటి మొక్కలకు దీర్ఘకాలిక జనాభా లెక్కలు చాలా అరుదు. అందువల్ల ఆచరణలో బి ప్రమాణమే ఎక్కువగా వాడుకలో ఉంది.

బి ప్రమాణంలో రెండు కొలతలు ఉన్నాయి. మొదటిది ఉనికి వ్యాప్తి: జాతి నమోదైన బిందువులన్నింటినీ చుట్టి గీసిన, ఎక్కడా లోపలికి వంగని అతి చిన్న బహుభుజి వైశాల్యం. ఇది 100 చదరపు కిలోమీటర్ల లోపు ఉంటే అతి తీవ్ర ఆపద, 5000 లోపు అయితే ఆపద, 20000 లోపు అయితే దుర్బలం అనే పరిధిలోకి వస్తుంది. రెండవది ఆక్రమిత విస్తీర్ణం: జాతి నిజంగా ఉన్న గడుల మొత్తం. దీనికి హద్దులు వరుసగా 10, 500, 2000 చదరపు కిలోమీటర్లు. అయితే వైశాల్యం ఒక్కటే చాలదు. దానితోపాటు కింది మూడు షరతులలో కనీసం రెండు నెరవేరాలి: జనాభా తీవ్రంగా ముక్కలై ఉండటం లేదా కొద్ది స్థానాలకే పరిమితం కావడం, కొనసాగుతున్న క్షీణత, విపరీతమైన హెచ్చుతగ్గులు. స్థానాల సంఖ్యకు హద్దులు 1, 5, 10.

ఒక ఊహాజనిత జాతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. దానికి 'సేజ్-క' అని పేరు. హెర్బేరియం నమూనాలు, కొత్త క్షేత్ర సర్వే కలిపి 12 నమోదు బిందువులు ఉన్నాయి; అవి మూడు కొండలపై ఉన్నాయి. బహుభుజి వైశాల్యం 1800 చదరపు కిలోమీటర్లు. 2 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు గల గడుల పటం పరిస్తే ఏడు గడులలో మొక్క ఉంది. గడికి 4 చొప్పున ఆక్రమిత విస్తీర్ణం 28 చదరపు కిలోమీటర్లు. వైశాల్యం దృష్ట్యా రెండు కొలతలూ 'ఆపద' హద్దు లోపలే ఉన్నాయి.

ఇప్పుడు షరతులు. కొండవాలులను వర్షాధారపు గోధుమ సాగుకు దున్నడం ప్రధాన ముప్పు అనుకుంటే, ఆ నిర్ణయం నాలుగు గ్రామాలలో విడివిడిగా జరుగుతున్నందున స్థానాలు నాలుగు. దున్నకం ఏటా పెరుగుతున్నదనే ఆధారం ఉపగ్రహ చిత్రాలలో లభిస్తే ఆవాస క్షీణత రుజువైనట్లే. రెండు షరతులు నెరవేరాయి. జాతి 'ఆపద' వర్గంలో చేరుతుంది. అదే మొక్క, అవే బిందువులు, అదే 28 చదరపు కిలోమీటర్లు ఉండి, క్షీణతకు ఏ ఆధారమూ లేకపోతే బి ప్రమాణం వర్తించదు. సమీప భవిష్యత్తులో తలెత్తగల ముప్పు స్పష్టంగా కనిపిస్తూ స్థానాలు ఐదుకు మించకపోతే డి ప్రమాణంలోని రెండవ భాగం కింద 'దుర్బలం' కావచ్చు. అటువంటి ముప్పూ లేకపోతే, ప్రపంచం మొత్తంలో ఏడు గడులలో మాత్రమే ఉన్న మొక్క 'అల్ప ఆందోళన' వర్గంలో నిలుస్తుంది. ఈ ఫలితం చాలామందికి మింగుడుపడదు. కానీ ప్రమాణాలు సరిగా పనిచేశాయనడానికి ఇదే నిదర్శనం.

గడి పరిమాణం విషయంలో స్వేచ్ఛ లేదు. అవే 12 బిందువులను 1 కిలోమీటరు గడులలో వేస్తే 11 గడులు నిండి విస్తీర్ణం 11 చదరపు కిలోమీటర్లు అని తేలవచ్చు. అంటే అతి తీవ్ర ఆపద హద్దు అంచుకు చేరినట్లు కనిపిస్తుంది. మొక్కల పరిస్థితి మారలేదు, పటం మారింది. ఐ.యు.సి.ఎన్. మార్గదర్శకాలు 2 కిలోమీటర్ల గడినే నిర్దేశించడానికి కారణం ఈ పోలికే. క్యూ ఉద్యానవనం ఆధ్వర్యంలో 2011లో వెలువడిన జియోక్యాట్ అనే ఉచిత సాధనం ఈ రెండు కొలతలనూ బిందువుల నుంచి నేరుగా లెక్కిస్తుంది. బహుభుజి వైశాల్యం గడుల మొత్తం కంటె తక్కువగా వచ్చినప్పుడు, ఉనికి వ్యాప్తిని గడుల మొత్తానికి సమానం చేయాలనే నియమాన్ని కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి. బిందువులు దగ్గరదగ్గరగా ఉన్న ఒంటికొండ జాతులలో ఈ అవసరం తరచు కలుగుతుంది.

'స్థానం' అనే మాట మరింత చిక్కు తెస్తుంది. సాధారణ భాషలో స్థానమంటే మొక్క పెరిగే చోటు. ఇక్కడ అది ఒకే ముప్పు సంఘటన వేగంగా దెబ్బతీయగల ప్రాంతం. మూడు కొండలు ఒకే గని లీజులో ఉంటే స్థానం ఒకటే. ఒకే కొండకు రెండు వైపులా రెండు వేరువేరు ముప్పులు ఉంటే స్థానాలు రెండు. అంటే ముప్పు ఏమిటో తేల్చకుండా స్థానాలను లెక్కించడం సాధ్యం కాదు. నమోదైన ప్రతి హెర్బేరియం నమూనానూ ఒక స్థానంగా లెక్కించడం ప్రచురిత నివేదికలలో కూడా జరిగే పొరపాటు.

క్షేత్రంలో లెక్కించవలసినది

సేజ్ జాతులలో అధికభాగం బహువార్షికాలు. నేల మట్టం వద్ద గట్టిపడిన వేరు మొదలు నుంచి ఏటా అనేక కాండాలు లేస్తాయి. కాండాలను లెక్కిస్తే జనాభా అనేక రెట్లు పెరిగినట్లు కనిపిస్తుంది. లెక్కించవలసినది వేరు మొదలును. నేల కింద పాకి దూరంగా మొలిచే జాతులలో మాత్రం, విడదీసినా బతకగల ప్రతి భాగాన్నీ ఒక మొక్కగా లెక్కించడానికి మార్గదర్శకాలు అనుమతిస్తాయి. కనుక లెక్కకు ముందు ఒకటి రెండు మొక్కల మొదళ్ల వద్ద మట్టిని జాగ్రత్తగా తొలగించి నిర్మాణాన్ని పరిశీలించి, తిరిగి కప్పివేయాలి.

లెక్కకు వచ్చేది 'పరిణత మొక్కలు' మాత్రమే. అంటే సంతానం ఇవ్వగలవి. పూసిన ప్రతి మొక్కా ఈ నిర్వచనంలోకి రాదు. సాల్వియా పువ్వులో రెండు కేసరాలు మీటల్లా అమరి ఉంటాయి. తేనె కోసం దూరిన తేనెటీగ మీట అడుగు భాగాన్ని నెట్టగానే పరాగకోశం వంగి దాని వీపును తాకుతుంది. ఈ సున్నితమైన ఏర్పాటు తగిన పరిమాణం గల కీటకాలు ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఒక పువ్వు నుంచి గరిష్ఠంగా నాలుగు గింజలు మాత్రమే ఏర్పడతాయి. వాలు నిండా పూసిన మొక్కల రక్షక పత్రావళులు విప్పి చూస్తే గింజలు లేకపోవడం, చుట్టుపక్కల ఎక్కడా లేతమొక్కలు కనిపించకపోవడం సాధ్యమే. అటువంటి చోట కనిపించే 800 ముదురు మొక్కల సంఖ్య ధైర్యం ఇవ్వదు. కొత్త సంతానాన్ని ఎన్నటికీ ఇవ్వలేని మొక్కలను పరిణత మొక్కలుగా లెక్కించకూడదని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. డి ప్రమాణంలో 50, 250, 1000 అనే హద్దులు ఉన్నందున, ఈ ఒక్క నిర్ణయం జాతి వర్గాన్నే మార్చివేయగలదు. అందువల్ల ప్రతి క్వాడ్రాట్‌లోను పూసిన మొక్కలు, పూయని పెద్ద మొక్కలు, ఆ ఏటి లేతమొక్కలు అనే మూడు గళ్లు విడివిడిగా నింపాలి.

తరం నిడివి మరొక సమస్య. ఎ ప్రమాణం కింద తగ్గుదలను పదేళ్లలో గాని, మూడు తరాలలో గాని, ఏది ఎక్కువైతే దానిలో కొలవాలి. తరం నిడివి పదేళ్లయితే చూడవలసిన కాలం ముప్పై ఏళ్లు. అంత వెనుకటి లెక్కలు లేనప్పుడు ఆవాసం ఎంత కుంచించుకుపోయిందనే పరోక్ష ఆధారాన్ని వాడతారు. అది తప్పు కాదు. కానీ ఆవాసంలో సగం పోయిందంటే మొక్కలలో సగం పోయాయని అనుకోవడానికి, మిగిలిన ఆవాసంలో మొక్కల సాంద్రత మారలేదనే ఊహ ఉందని నివేదికలో రాయాలి.

సర్వే సమయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇరాన్ పీఠభూమిలో సేజ్ జాతులు ఎక్కువగా వసంతంలోను, వేసవి ఆరంభంలోను పూస్తాయి; ఎత్తైన చోట్ల కొంత ఆలస్యంగా. పూల భాగాలు లేనిదే దగ్గరి జాతులను నమ్మకంగా వేరుచేయలేము. శరత్కాలంలో ఎండిన కొండకు వెళ్ళి 'కనిపించలేదు' అని రాయడం పరిశీలన అనిపించుకోదు.

ముప్పును నిర్ధారించడం

పశ్చిమ ఆసియా మొక్కల నివేదికలలో 'అతిమేత' అనే మాట దాదాపు యాంత్రికంగా కనిపిస్తుంది. సేజ్ విషయంలో ఇది ప్రత్యేకంగా పరిశీలించదగిన విషయం. ఆకులలోని సుగంధ తైలాల వల్ల గొర్రెలు, మేకలు అనేక సేజ్ జాతులను ఇష్టపడి మేయవు. రుచికరమైన గడ్డి తగ్గిన పచ్చికబయలులో ఇటువంటి మొక్కలు పలచబడటానికి బదులు పెరగవచ్చు కూడా. అయితే అదే మంద గిట్టల కింద లేతమొక్కలు నలిగిపోవచ్చు. పూలకంకులను మాత్రం కొరికివేయవచ్చు. కాబట్టి మేత ముప్పా కాదా అనేది జాతికొకటిగా, చోటుకొకటిగా తేలవలసిన విషయం. కంచె వేసిన చిన్న గడిలోను, దాని పక్కన కంచె లేని గడిలోను రెండు మూడేళ్లు లేతమొక్కలను లెక్కించడం వల్ల తేలే సంగతి, పది నివేదికల నుంచి ఆ మాటను ఎత్తి రాసినందువల్ల తేలదు.

సేకరణ ముప్పును అంచనా వేయడానికి మొదటి ప్రశ్న: ఏ భాగాన్ని సేకరిస్తారు? ఆకులు, పూలకొమ్మలు కోసినప్పుడు బహువార్షిక మొక్క మళ్ళీ చిగురించగలదు. నష్టం గింజల ఉత్పత్తిలో ఉంటుంది. వేరు తవ్వినప్పుడు మొక్కే పోతుంది. చైనాలో దాన్‌షెన్ అనే పేరుతో ప్రసిద్ధమైన సాల్వియా మిల్టియోరైజా వేరు కోసమే వాడుకలో ఉంది; ఆ గిరాకీని నేడు ప్రధానంగా సాగు తీరుస్తున్నది. తూర్పు కనుమలలో సర్పగంధ వేరు సేకరణ ఈ రెండవ కోవలోనిది. ఇరాన్ గ్రామాలలో సేజ్ సేకరణ ఎక్కువగా ఆకు, పూలకొమ్మలదే. కానీ పొడి రాతినేలలో కొడవలి వాడకుండా చేతితో గుంజినప్పుడు వేరుతో సహా పెకలి వస్తుంది. ఫలితంగా ఆకు సేకరణ అని నమోదైనది నిజానికి వేరు సేకరణంతటి నష్టం చేయగలదు. ఏ భాగం అనే ప్రశ్నతోపాటు ఏ విధంగా అనే ప్రశ్నకు కూడా సేకరించే మహిళలు, పశువుల కాపరుల నుంచే సమాధానం రావాలి. మార్కెట్ లెక్కలు ఈ సంగతిని చెప్పవు.

ఈశాన్య ఇరాన్‌లోని ఖొరాసాన్, దాని పక్కనే ఉన్న సెమ్నాన్ ప్రాంతాలలో నౌరూజక్ అని పిలిచే సాల్వియా లెరిఫోలియా అఫ్గానిస్తాన్‌లో కూడా పెరుగుతుంది. కనుక అది కచ్చితమైన అర్థంలో ఇరాన్‌కు స్థానీయం కాదు. ఇటువంటి జాతికి ఇరాన్ లోపల చేసిన మదింపు ప్రాంతీయ మదింపు మాత్రమే. సరిహద్దు దాటి గింజలు, పరాగం వచ్చే అవకాశం ఉంటే ప్రాంతీయ వర్గాన్ని ఒక మెట్టు సడలించడానికి ప్రత్యేక నియమాలు ఉన్నాయి. స్థానీయ జాతికి ఆ సౌకర్యం లేదు. జాతీయ మదింపే ప్రపంచ మదింపు.

కనిపించని మొక్క

గ్రాండ్ కేమన్ దీవికి మాత్రమే చెందిన సాల్వియా కేమనెన్సిస్ చరిత్ర ఈ విషయంలో తప్పక తెలుసుకోదగినది. కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న దీవిలో ఇసుక నేలల్లో పెరిగే ఈ సేజ్ 1967 తరువాత ఎవరికీ కనిపించలేదు. అది అంతరించిందనే అభిప్రాయం బలపడింది. చివరకు బొమ్మతో ప్రకటనలు అంటించి, కనుగొన్నవారికి నగదు బహుమతి ప్రకటించారు. 2007లో మొక్క దొరికింది. 2004 సెప్టెంబరులో ఐవాన్ తుపాను దీవిని అతలాకుతలం చేసినప్పుడు నేల తిరగబడి, లోపల సుప్తావస్థలో ఉన్న గింజలు పైకి వచ్చి మొలకెత్తి ఉండవచ్చునని భావించారు.

ఈ సంఘటన నుంచి పద్ధతికి సంబంధించి రెండు సంగతులు తేలుతాయి. నేలలో గింజల నిల్వ గల జాతికి పైన కనిపించే మొక్కల లెక్క సున్నా అయినంత మాత్రాన జనాభా సున్నా కాదు. అందుకే చివరి మొక్క చనిపోయిందనడానికి సహేతుకమైన సందేహం ఏదీ మిగలనప్పుడు మాత్రమే, తగిన ఋతువులలో, తెలిసిన, ఊహించదగిన ఆవాసాలన్నింటిలో సమగ్రంగా వెదికిన తరువాతనే 'విలుప్తం' అని ప్రకటించాలనే నియమం ఉంది. తొందరపడి ఆ మాట రాస్తే ఆవాసానికి ఉన్న కొద్దిపాటి రక్షణ కూడా తొలగిపోతుంది. లేని మొక్క కోసం ఇసుక తవ్వకాన్ని ఎవరూ ఆపరు. రెండవది, మొక్కను తిరిగి కనుగొనడానికి తోడ్పడినది స్థానిక ప్రజల కన్ను. బొమ్మ చూసి గుర్తుపట్టగల మొక్కలకు ఈ మార్గం పనికొస్తుంది. పోలికలు దగ్గరగా ఉన్న జాతులలో మాత్రం తప్పుడు నమోదులు కుప్పలుగా వచ్చే ప్రమాదం ఉంది.

సమాచారం చాలని జాతులకు 'సమాచార లోపం' అనే వర్గం ఉంది. దీన్ని తప్పించుకునే దారిగా వాడటం తరచు కనిపిస్తుంది. నిజానికి ఈ జాతి అతి తీవ్ర ఆపద నుంచి అల్ప ఆందోళన వరకు ఏదైనా కావచ్చు అనేంతటి అనిశ్చితి ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఒకే ఒక్క పాత నమూనా ఉండి, ఆ చోట ఇప్పుడు జలాశయం నిండి ఉంటే, సమాచారం తక్కువైనా నిర్ణయానికి అది చాలు.

పేరు మారినప్పుడు

దక్షిణ ఇరాన్‌లోని హొర్మోజ్‌గాన్ పరిసరాల కొండలకు పరిమితమైన ఒక సుగంధ మొక్కను 1967లో జుమేరియా మజ్దె అనే పేరుతో వర్ణించారు. స్థానికంగా మొహ్ర్‌ఖోష్ అని పిలిచే ఈ మొక్క కడుపునొప్పికి మందుగా వాడుకలో ఉంది. ప్రజాతి మొత్తంలో ఇదొక్కటే జాతి కావడం వల్ల సంరక్షణ వ్యాసాలలో దానికి విశిష్ట స్థానం లభించింది. డి.ఎన్.ఎ. ఆధారిత పరిశోధనలు దాని వంశవృక్షపు కొమ్మ సాల్వియా లోపలే ఉందని చూపాయి. 2017లో జుమేరియాతోపాటు రోజ్‌మేరీ, పెరోవ్‌స్కియా మొదలైన ఐదు చిన్న ప్రజాతులను, మొత్తం సుమారు 15 జాతులను, సాల్వియాలో కలిపివేశారు. వందలాది సేజ్ జాతుల పేర్లు మార్చడం కంటె పదిహేను పేర్లు మార్చడం సుకరమనే వాదన కూడా ఇందులో పనిచేసింది. వంటింటి రోజ్‌మేరీ ఇప్పుడు సాల్వియా రోజ్‌మారినస్. మొహ్ర్‌ఖోష్ ఇప్పుడు సాల్వియా మజ్దె.

కొండపై మొక్కకు ఏమీ జరగలేదు. కానీ 'ఏకజాతి ప్రజాతి' అనే హోదా పోయి, వెయ్యి జాతులలో ఒకటిగా మిగిలింది. వర్గాన్ని నిర్ణయించే ప్రమాణాలు ప్రజాతి హోదాను అసలు పట్టించుకోవు. కాబట్టి మదింపు మారనక్కరలేదు. మారేది ప్రాధాన్యక్రమం. ఏ జాతికి ముందుగా నిధులు కేటాయించాలనే నిర్ణయంలో వంశ విశిష్టత, ఔషధ విలువ, రక్షించగల అవకాశం వంటివి చేరతాయి. రెడ్ లిస్ట్ వర్గం అంతరించే అవకాశాన్ని చెబుతుంది. ఖర్చు చేయవలసిన క్రమాన్ని అదొక్కటే నిర్ణయించదు.

వర్గాలు మారడం గురించి తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఎర్రచందనం. తూర్పు కనుమల దక్షిణ భాగానికి స్థానీయమైన ఈ చెట్టు తొలుత 'ఆపద' వర్గంలో ఉండి, 2018లో 'ఆపదకు చేరువ' వర్గానికి మారి, 2021 మదింపులో తిరిగి 'ఆపద' వర్గానికి వచ్చింది. అక్రమ నరికివేత ఆ మధ్యకాలంలో ఆగి మళ్ళీ మొదలు కాలేదు. ఇటువంటి మార్పును చూసినప్పుడు ముందుగా అడగవలసినది: అడవిలో పరిస్థితి మారిందా, లభించిన సమాచారం మారిందా, ప్రమాణాన్ని వర్తింపజేసిన తీరు మారిందా? రెడ్ లిస్ట్ పద్ధతిలోనే 'నిజమైన మార్పు', 'నిజమైనది కాని మార్పు' అనే విభజన ఉండటానికి కారణం ఇదే.

విస్తరణ శాస్త్రవేత్తల పని

మదింపు పూర్తయిన తరువాత విస్తరణ రంగం వంతు వస్తుందని సాధారణ అభిప్రాయం. నిజానికి ముప్పు, సేకరణ, భూవినియోగం గురించిన ఆధారాలు ముందుగా విస్తరణ సిబ్బంది చేతిలోనే ఉంటాయి. కొండవాలు ఎప్పుడు దున్నారు, ఏ మొక్కను ఎవరు ఏ నెలలో కోస్తారు, ఇదివరకు గంటలో దొరికిన మోపుకు ఇప్పుడు ఎంత దూరం నడవాలి అనే సంగతులు హెర్బేరియం కాగితంపై ఉండవు. చివరి ప్రశ్నకు వచ్చే సమాధానం జనాభా తగ్గుదలకు మంచి సూచిక. జ్ఞాపకంపై ఆధారపడినది కనుక కనీసం కొందరిని విడివిడిగా అడిగి పోల్చుకోవాలి.

గింజల సేకరణలో ఒక పరిమితి అంతర్జాతీయంగా ఆచరణలో ఉంది: ఆ రోజు పక్వమై లభ్యమయ్యే గింజలలో 20 శాతానికి మించి తీయరాదు. సేజ్ గింజలు సాధారణంగా ఎండబెట్టి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ చేయడానికి అనువైనవి. అనేక అడవి జాతులలో సుప్తావస్థ ఉన్నందున, చల్లదనం గాని జిబ్బరెల్లిక్ ఆమ్లం గాని ఇవ్వకుండా చేసిన మొలక పరీక్షలో తక్కువ శాతం రావడం గింజ చనిపోయిందనడానికి రుజువు కాదు. జిగురుపొర ఏర్పడే గింజలను నీటిలో ఎక్కువసేపు నానబెడితే గాలి అందక కుళ్లే అవకాశం ఉంది; తడి కాగితంపై పలచగా పరచడం మేలు.

సాగులోకి తేవడం వల్ల అడవిపై ఒత్తిడి దానంతటదే తగ్గదు. సాగు చేసిన ఆకుకు, అడవి ఆకుకు మార్కెట్‌లో ఒకే ధర ఉన్నప్పుడు, అడవి ఆకుకు పెట్టుబడి లేనందున సేకరణ కొనసాగుతుంది. పైగా వేరే లోయ నుంచి తెచ్చిన నారును స్థానిక జనాభా పక్కనే నాటితే సంకరం జరిగి స్థానిక రూపం పలచబడవచ్చు. సాగు క్షేత్రానికి నారు ఆ కొండ గింజల నుంచే పెంచాలి; లేదా అడవి మొక్కలకు తేనెటీగలు తిరిగే దూరానికి వెలుపల నాటాలి.

మదింపు పదేళ్లు దాటితే పాతబడినట్లు లెక్క. తరువాత వచ్చేవారికి పోల్చుకోవడానికి ఏదైనా ఉండాలంటే, క్షేత్ర పుస్తకంలో దొరికిన మొక్కలతోపాటు దొరకని చోట్లు కూడా నమోదు కావాలి: తేదీ, ఎత్తు, ఎందరు ఎన్ని గంటలు వెదికారు, ఆ సమయానికి పక్క కొండపై అదే జాతి పూతలో ఉందా లేదా. ఈ నాలుగూ లేని 'కనిపించలేదు' అనే నమోదు, ఆ చోట మొక్క లేదనడానికి ఆధారంగా పనికిరాదు.